కోతకు పెట్టిన పేరా

ఆళ్లగడ్డ బస్టాండు పక్క సందులో కృపావరానికి ఒక జిరాక్సు దుకాణం ఉన్నది. అయినా ఊళ్లో ఎవరూ ఆయనను జిరాక్సాయన అనరు, పేపరాయన అంటారు. ఇరవై ఏడేళ్లుగా ఒక దినపత్రికకు విలేకరి ఆయన. జిరాక్సు యంత్రం కడుపు నింపుతుంది, పత్రిక పేరు నిలుపుతుంది.

ఒకప్పుడు వార్తలను తెల్లకాగితం మీద రాసి, కవరులో పెట్టి, మధ్యాహ్నపు బస్సు కండక్టరుకు అప్పగిస్తే నంద్యాలలో ఎవరో అందుకొనేవారు. ఆ రోజుల్లో కృపావరం దస్తూరి ముత్యాల వరుసలా ఉండేదని, కర్త లేని వాక్యం ఆయన కలం నుంచి వెలువడేది కాదని ఎరిగినవారు చెబుతారు. ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’ అని రాయడం నేటి పత్రికల అలవాటు. ఎవరు ఆరోపించారో, ఎవరి చెవిన పడ్డాయో ఆ వాక్యం చెప్పదు. వ్యాకరణం దానిలో దోషం పట్టలేదు, మనస్సాక్షే పట్టాలి. కృపావరం చాలాకాలం పట్టాడు. తరువాత అందరిలాగే అలవాటు పడ్డాడు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉన్నది. వార్తలో ముఖ్యమైన సంగతి మొదటి పేరాలో రావాలి, అంతకు తక్కువది రెండవ పేరాలో, మిగిలినది చివర. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు కింది నుంచి కోసుకుంటూ వస్తాడు. చదివి కోయడు, కొలిచి కోస్తాడు. కాబట్టి తాను పంపిన పేరాలలో ఏది తెల్లవారేసరికి బతికి ఉండదో విలేకరికి ముందే తెలుసు.

కృపావరాన్ని వెంటాడుతున్నది అలాంటి ఒక పేరా. ఏడు పంక్తులది.

అది ఎడ్విన్ గురించినది. ఎడ్విన్ ఆ ఊళ్లోనే లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు. కృపావరం వెళ్లే చర్చికే వచ్చేవాడు. కరోనా కాలంలో ఇంట్లో కూర్చుని క్రిప్టో కరెన్సీ గురించి చదివాడు. ఏ ప్రభుత్వమూ అచ్చువేయని, కంప్యూటర్ల లెక్కల్లో మాత్రమే ఉండే నాణెం అది. నెలకు కొంచెం చొప్పున బిట్‌కాయిన్ కొనుక్కున్నాడు. ప్రభుత్వం పన్ను వేసినప్పుడు నోరెత్తకుండా పన్నూ కట్టాడు. ఇంతలో గోస్పాడు వైపు పల్లెల్లో ఒక ఏజెంటు తిరగసాగాడు. ఫోనులో ఏదో యాప్ చూపి, ఇదీ క్రిప్టోనే, అరవై రోజుల్లో మీ సొమ్ము రెట్టింపని చెప్పుకొచ్చాడు. ఆ మాట చెవిన పడగానే ఎడ్విన్ ఒక ఆదివారం ఆరాధన అయ్యాక యువకులను చర్చి హాలులో కూర్చోబెట్టి, నల్లబల్ల మీద గీసి వివరించాడు.

“నేను కొనేదాంట్లో నష్టమొస్తే నాది నాకే వస్తాది. అది వేరే. రెట్టింపు ఇస్తామని ఎవురన్నా వస్తే వాడు దొంగ. అది క్రిప్టో కాదు, ఏం కాదు. మీ ఊర్లో చెప్పండి.”

కృపావరం ఫోటో తీసుకున్నాడు. చేతి సుద్దపొడి దులుపుకుంటూ ఎడ్విన్ నవ్వాడు.

“రాస్తావా అన్నా? రాయవులే. మా నాణెం లేస్తే మీకు బిజినెస్ పేజీ, పడితే మొదటి పేజీ, ఎవురన్నా మునిగితే జిల్లా పేజీ. మునగకుండా ఆపేటోనికి మీ పేపర్లో యాడుందన్నా చోటు?”

కుర్రవాళ్లు గొల్లున నవ్వారు. కృపావరమూ నవ్వాడు గానీ ఆ మాట గోరుచుట్టులా సలిపింది. చెమట చిందని సొమ్ము పాపమని నమ్మినవాడాయన. ఆ పాపం చేస్తున్నవాడే తనకు పత్రికా ధర్మం బోధించినట్టు తోచింది. ఆ సమావేశం గురించి ఒక్క ముక్క రాయలేదు.

రెండు నెలలకు ఏజెంటు మాయమయ్యాడు. గోస్పాడులో ఏడ్పులు. కృపావరం వెళ్లి, రాములమ్మ అనే కూలి మనిషి గోడు విని, ఆమె మాటతోనే వార్త ఎత్తుకున్నాడు. రాస్తుండగా నంద్యాల డెస్కు నుంచి ఉపసంపాదకుడు వెంకటేష్ ఫోను చేశాడు.

“అన్నా, క్రిప్టో అంటే జనానికి మోసమే. ఒకటే గీత మీద పో. మంచీ చెడ్డా రెండూ పెడితే ఎవురు చదువుతారు? ఫోటో ఉందా?”

“ఏజెంటుది లేదప్పా. ఎడ్విన్ అని, పాఠం చెప్పేది ఒకటుంది.”

“నల్లబల్ల మీద క్రిప్టో అని కనపడతాంటే చాలు. పంపు.”

పంపాడు. వార్తలో నాలుగు పేరాలు. ఎడ్విన్ మాట మొదటి పేరాలో పెట్టవచ్చు, రెండవదానిలోనూ పెట్టవచ్చు. కృపావరం కాసేపు వేళ్లు కదపకుండా కూర్చున్నాడు. ఆ తరువాత నాలుగవదానిగా చేర్చాడు.

‘క్రిప్టో వల.. పల్లెలు విలవిల’ అని మరునాడు శీర్షిక వచ్చింది. ప్రాస కుదిరితే నిజమూ కుదిరినట్టేనని డెస్కువారి నమ్మకం. దాని కింద చేతిలో సుద్దముక్కతో ఎడ్విన్. పేరాలు మూడే.

పోలీసులు ఎడ్విన్‌ను పిలిపించారు. అడగవలసింది ఏమీ లేదని ఆ సాయంత్రమే పంపేశారు. పంపేసిన సంగతి వార్త కాలేదు. వారం తిరిగేసరికి ట్యూషన్ గదిలో చాపలు మాత్రం మిగిలాయి. ఎడ్విన్ పత్రిక మడిచి పట్టుకుని జిరాక్సు దుకాణానికి వచ్చాడు.

“అన్నా, నేను వద్దని చెప్పిన మాట లేదే?”

“రాసినా ఎడ్విన్. నీమీదొట్టు. డెస్కోళ్లు కోసేసినారు.”

ఎడ్విన్ ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. “సరేలే అన్నా” అని వెళ్లిపోయాడు. తరువాత పగిడ్యాలలో ఒక ప్రైవేటు బడిలో చేరాడు. ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చి చర్చికి వచ్చేవాడు.

అబద్ధం ఆడి ఉంటే కృపావరం ఏనాడో పశ్చాత్తాపపడి తేలికపడేవాడు. ఆడినది నిజమే కావడం వల్ల దానిని దించుకునే చోటు దొరకలేదు. ‘ఇది మోసమని, ఇందులో చేరవద్దని ఆళ్లగడ్డకు చెందిన ట్యూషన్ ఉపాధ్యాయుడు ఎడ్విన్ రెండు నెలల కిందటే హెచ్చరించారు’ అని మొదలయ్యే ఆ ఏడు పంక్తులూ కంఠస్థమైపోయాయి. ఎవరి ఆధార్ కార్డో జిరాక్సు తీస్తుంటే, యంత్రం కింద వెలుగు జరిగినప్పుడల్లా అవి ఒక్కొక్కటే కదిలేవి. పాస్టరు మోషే గారు బైబిలు వాక్యం చదువుతుంటే, ఆ వాక్యం వెనుక సన్నగా ఇవి చదువుకుపోయేవి. ఎడ్విన్ వీపు కనిపించకుండా ఆయన చర్చిలో మూల బెంచీకి మారాడు. అయినా ఆ వీపు తననే చూస్తున్నట్టుండేది.

రెండేళ్లు గడిచాయి. ఆ డిసెంబరులో, పగిడ్యాలలో పాఠం చెబుతూ చెబుతూ ఎడ్విన్ గుండె ఆగి పడిపోయాడు. నలభై ఒక్కేళ్లు. అదే వారం బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. కృపావరం రాసే పత్రికలోనే బిజినెస్ పేజీ పొడవునా బంగారు నాణెం బొమ్మ వేశారు. మోసమన్న మాట ఎక్కడా లేదు.

మూడవ రోజు ఎడ్విన్ భార్య జ్యోత్స్న దుకాణానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆదివారం ఆదరణ కూడిక పెడతాండామన్నా. ఒకటి అడగాలని వచ్చినా. ఆయన మోసగాడు కాదని మీ పేపర్లో రెండు లైన్లు వేయిస్తావా? పిల్లది బడికి పోతే అడుగుతాండారు.”

“వేయిస్తానమ్మా” అన్నాడు కృపావరం.

నంద్యాల ఆఫీసులో వెంకటేష్ టీ తెప్పించాడు. విషయం విని కప్పు కింద పెట్టాడు.

“రెండేండ్ల నాటిదానికి ఇప్పుడు సవరణ ఏందన్నా? ఆయప్పను దొంగ అని మనం రాసినామా? ఫోటో వేసినాం, అంతే.”

“అది చాలదా అప్పా?”

“ఇదో, ఇప్పుడు గాలి తిరిగింది. బిట్‌కాయిన్‌తో కోట్లు సంపాయించిన సీమ పిల్లోడు ఎవురన్నా ఉంటే పట్టుకురా, రంగుల పేజీ ఇస్తా. ఎడ్విన్ దగ్గర బాగా ఉండ్యా?”

“కొంచెమే.”

“అయితే ఏం రాస్తావ్? మునిగినోడు కాదు, తేలినోడు కాదు.” వెంకటేష్ నవ్వి, గొంతు తగ్గించాడు. “అయినా నువ్వు కింద పెట్టింటివి, నేను కోసింటి. నీకు తెల్దా అన్నా? నేను ఈడికి రాకముందు నుంచి ఉండావు.”

తిరుగు బస్సులో కృపావరం కిటికీ వైపు కూర్చుని ఏమీ చూడలేదు. ఆళ్లగడ్డ దగ్గరపడేసరికి రోడ్డు పక్క శిల్పులు రాళ్లు చెక్కుతున్న చప్పుడు వినిపించింది. రాతి మీద ఉలి జారితే ఆ రాయిని పక్కన పడేసి మరొక రాయి ఎత్తుకుంటారు వాళ్లు. చెడినది దేవుడి ముఖమైతే మరీను. మనిషి ముఖానికి ఆ వెసులుబాటు ఉన్నట్టు లేదు.

ఆదరణ కూడిక అంటే మృతుని ఇంటివారిని ఓదార్చడానికి సంఘమంతా చేరి పాడి, ప్రార్థించి, పోయినవారి గురించి ఎరిగినవారు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పే సభ. అందులో మంచి మాటలే చెప్పడం ఆనవాయితీ. ఆదివారం నలుగురు చెప్పాక మోషే గారు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. మూల బెంచీ నుంచి కృపావరం లేచాడు.

“నేను రాసిన వార్తలో ఎడ్విన్ మాట డెస్కోళ్లు కోసేసినారని ఎడ్విన్‌కు చెప్పినా. అది నిజమే. కోస్తారని తెలిసే దాన్ని అడుగున పెట్టినా. పైన పెట్టింటే నిలిచేది. ఆయప్ప నన్ను ఎగతాళి చేసినాడని మనసులో పెట్టుకున్నా.”

ఆ తరువాత, కంఠస్థమైన ఆ ఏడు పంక్తులూ అప్పజెప్పబోయి, మూడవదాని దగ్గర ఆగిపోయాడు.

ముందు వరుసలో జ్యోత్స్న వెనుకకు తిరగకుండానే మాట్లాడింది.

“ఆయనకు తెలుసన్నా. ఆ దినమే చెప్పినాడు, ‘యాడ పెడితే నిలుస్తాదో అన్నకు తెల్దా’ అని. నువ్వే చెప్తావని చూసినాడు. ప్రతి ఆదివారం చూసినాడు.”

మోషే గారు ప్రార్థన మొదలుపెట్టారు.

మరునాడు ఉదయమే కృపావరం గోస్పాడు బస్సెక్కాడు. పత్రిక వేయనిది తాను నోటితోనైనా ఇల్లిల్లూ చెప్పి రావాలని బయలుదేరాడు. మొదటి ఇల్లు రాములమ్మది. ఆమె చెంబుతో నీళ్లిచ్చి, అరుగు మీద ఎదురుగా కూర్చుని, అంతా ఓపికగా విన్నది.

“ఎడ్విన్‌కూ ఆ ఏజెంటుకూ ఏం సంబంధం లేదు రాములమ్మా. మీరు మునగొద్దని చెప్పినోడు ఆయప్ప. తప్పు నాది. నేనే సరిగ్గా రాయల్యా.”

రాములమ్మ ఆయన వైపు జాలిగా చూసింది.

“నువ్వు మంచోనివి గాబట్టి, సచ్చిపోయినోని మింద పాపమని ఇట్లా చెప్తాండావు. నాకు తెల్దా? మా మాట ఎవురూ ఇననప్పుడు నువ్వే గదా వచ్చి రాసింది.” చెంబు అందుకుంటూ ఆమె ఆయనను ఓదార్చింది. “ఊరుకో అప్పా. పేపర్లో తప్పు రాస్తారా యాడన్నా?”

కృపావరం లేచి పక్కింటి వైపు నడిచాడు.