ఏటికి వదిలిన జానెడు

మా ఆనకట్ట లస్కరన్న పోయినాడని కోవూరు బస్సు కండక్టరు చెప్పినాడు, టికెట్టు చింపతానే. నిద్రలోనే పోయినాడంట. మంచి చావే అన్నారు బస్సులోవాళ్లు. బతికుండగా ఆయన్ని నేను ఆడిపోసుకున్నదానికి అంతులేదు, ఇప్పుడు మంచి మాట అనాలంటే నోరు రాలేదు.

లస్కరంటే తెలియనివాళ్ల కోసం చెప్తా. పెన్నకి అడ్డంగా ఉండే ఆనకట్ట తలుపులు ఎత్తేదీ దించేదీ ఆయనే. దించితే నీళ్లు మా కాలవలోకి, ఎత్తితే కిందికి, ఏట్లోకి.

ఆయన పని చూస్తా ఉంటే మాకు ఒళ్లు మండేది. దించమంటే ఒక్కసారిగా దించేవాడు కాదు. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం, మూడు రోజులు లాగేవాడు. "ఏందన్నా, తలుపుకి జ్వరమొచ్చిందా?" అని నేను ఎగతాళి చేస్తే, "ఏరు ఉన్నట్టుండి తగ్గితే చేపలు గుంటల్లో చిక్కి చస్తాయమ్మా. వాటిని కాస్త పోనీయి" అనేవాడు. ఎత్తాలన్నా అంతే. ముందు గట్టెమ్మడి నడిచిపోయి, ఇసకలో దోసపాదులు వేసుకున్నోళ్లకీ, బట్టలుతికేవాళ్లకీ కేకేసి చెప్పి వచ్చి, అప్పుడుగానీ చక్రం తిప్పడు. ఆ కేక మైలు దూరం వినపడేది. ఇంట్లో మాత్రం పెళ్లాం మాటే గానీ ఆయన మాట ఎవరూ విన్న పాపాన పోలేదు.

నడి ఎండాకాలంలో కూడా ఒక తలుపు కింద జానెడు సందు వదిలేవాడు. పై ఆఫీసు ఆర్డరు అది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లెల్లో చేపలు పట్టుకునేవాళ్లు ఇసకలో చెలమలు తీసుకొని ఆ నీళ్లే తాగాల. పై నుంచి మంచినీళ్లు దిగకపోతే సముద్రం ఏట్లోకి ఎగదన్ని చెలమలు ఉప్పుబారతాయి. ఎందరో ఓవర్సీర్లు మారినారు, ఆ జానెడు మారలేదు.

ఒక ఏడు వానలు మొండిచెయ్యి చూపించినాయి. మా ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. మూడెకరాల మొలగొలుకుల వరి, గింజ పాలుపోసుకునే అదను. ఒక్క తడి పడితే పండతాది, లేదంటే గడ్డి. ఆ పంట పోతే ఇద్దరు బిడ్డల్ని పెట్టుకొని నేనేం తినాల? నలుగురు రైతుల్ని వెంటబెట్టుకొని ఆనకట్టకి పోయినా.

"ఆ జానెడు కూడా దించన్నా."

"అది మీ వాటా కాదమ్మా."

"సముద్రంలో పోసి ఏం పండిస్తావు?"

"దారిలో మనుషులుండారు గదమ్మా."

మర్నాడు ఆయన కూతురి ఊరికి పోయినాడు. అయిదు రోజులు రాడని తెలిసి మళ్లీ పోయినాం. బదులుగా ఉన్న మనిషి మా ఊరివాడే, అటు తిరిగి నిలబడినాడు. రైతులు తటపటాయిస్తే చక్రం మీద ముందు చెయ్యేసింది నేనే. నా చేను తడిసింది. పండింది కూడా.

ఆరో రోజు ఆయన మా వాకిట్లోకొచ్చి, చెంబు చేతికిచ్చి "తాగమ్మా" అన్నాడు. గుక్క పోసుకొని తుపుక్కున ఊసేసినా. ఒకటే ఉప్పు. అమావాస్య పోటుకి సముద్రం ఎక్కిన చెలమ నీళ్లవి.

"నువ్వు ఊసినావు. వాళ్లు మింగినారు" అన్నాడు. అంతే, చెంబు తీసుకొని పోయినాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

విచారణకొచ్చిన ఆఫీసరుతో, తలుపు తానే పొరపాటున దించి ఊరికి పోయినానని చెప్పినాడంట. శిక్షగా ఆయన్ని ఆరు నెలలు ఎక్కడో దూరం కాలవకి వేసినారు. నన్ను నోరుగల మనిషంటారు ఊళ్లో, అవసరమైన ఆ ఒక్కనాడు అది పెగల్లేదు. తిరిగొచ్చినాక కూడా ఎదురుపడితే "పైరెట్లుందమ్మా?" అనే అడిగేవాడు. సిగ్గుతో చచ్చేదాన్ని.

మొన్న పెన్నలో ఆయన కర్మకాండకి మొగ దగ్గర పల్లె నుంచి ఆడవాళ్లు నడిచి వచ్చినారు. అందర్లోకీ పెద్దామె పక్కన కూర్చొని, ఇన్నేళ్లకి చెప్పినా.

"అక్కా, ఆ ఏడు తలుపు దించింది ఆయన కాదు, నేను."

ఆమె నా వైపు తిరగను కూడా లేదు. "తెల్సులేమ్మా. అప్పుడే వచ్చి చెప్పినాడు. మొగుడు లేని మనిషి, ఇద్దరు బిడ్డలు, పైరు ఎండిపోతా ఉండింది, శాపనార్థాలు పెట్టొద్దండి అన్నాడు. మేమేం పెట్టలా."

ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆమె కొంగు దోపుకొని లేచి, పొద్దు పోకముందే పల్లె చేరాలని ఏట్లో తూర్పుగా నడిచింది. తడి ఇసకలో ఆమె వేసిన ఒక్కో అడుగులో నీళ్లు ఊరతా ఉండినాయి.