రెండించుల పైపు, కౌసల్యమ్మ పిడికిలి

కాజీపల్లి కంపెనీ క్యాంటీన్లో రొట్టెలు చేసే కౌసల్యమ్మ ఒకనాడు పొద్దున ఆరు గంటలకు పిడికిలి బిగించి పైకెత్తిందనీ, అది చూసి మూడు వందల మంది మగవాళ్లు కిక్కురుమనకుండా బారులు తీరారనీ, పెద్ద డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి లక్షల ఖరీదు మందు ఆమె చేతిలో పెట్టి దండం పెట్టి పోయిందనీ ఆ చుట్టుపక్కల అందరూ చెబుతారు. ఇందులో అబద్ధం ఉంటే గింటే చిటికెడు ఉంటుంది. మిగతాదంతా నికార్సయిన నిజం.

కౌసల్యమ్మది కిష్టారెడ్డిపేట. మొగుడు పోయాక, తొంభై ఒకటిలో, పొలం పనులు మానుకుని క్యాంటీన్లో చేరింది. పూటకు నాలుగు వందల రొట్టెలు. ఆమె అప్పటిదాకా చేసినవన్నీ పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు మీద పరిచినా, ఇంకా రెండు లారీలు మిగులుతాయి. అంత పనిలో ఒక్కనాడు కూడా "నాతో కాదు" అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు.

రెండువేల నాలుగులో ఆ కంపెనీ బాయిలర్ చూసేవాడు వీర్రాజు. తణుకు వైపు నుంచి ఇరవై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడ్డ మనిషి. అతనికి ఒకటే జబ్బు, తెలుసుకోవాలన్న జబ్బు. చిమ్నీ పొగ ఎటు వాలిందో చూసి, మేనేజర్ ఇంట్లో ఆ పూట ఏం కూరో చెప్పగలడు. అలాంటి వీర్రాజుకు ఆ వేసవిలో ఒక సంగతి అంతుపట్టలేదు. రోజూ పొద్దున ఆరింటికి కౌసల్యమ్మ బాయిలర్ గది తలుపును మోచేత్తో తోసుకుని లోపలికొచ్చి, వేడినీళ్ల ట్యాంకుకు రెండు చేతులూ ఆనించి పది నిమిషాలు నిలబడి పోతుంది.

వారం రోజులు ఓపిక పట్టాడు. అతని జన్మలో అదే రికార్డు.

"ఏంటమ్మా, పొద్దున్నే నా ట్యాంకుకు మొక్కుతున్నారు? మీ ఊళ్లో దేవుళ్లు చాల్లేదా?"

"చేతులు కాపుకుంటున్న సార్. నీ ట్యాంకు అరిగిపోదు తీయ్."

"మే నెలలో చలేంటండీ?"

"నా చేతులకుంది."

చూపించింది. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. కీళ్లవాతం. వయసుతో వచ్చేది కాదు, ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్లే కీళ్ల మీద పడి కొట్టే రకం అని డాక్టరు చెప్పాడట. వారానికోసారి మింగే మాత్రలు రెండేళ్లు వాడింది, కడుపు పాడైంది గానీ వాపు తగ్గలేదు. ఇప్పుడు కొత్తగా విదేశాల నుంచి సూది మందు వస్తోంది. ఒక్క నెల సూదులకయ్యే ఖర్చు ఆమె రెండేళ్ల జీతం.

"మరి మన వైద్య నిధి ఉందిగా?" అన్నాడు వీర్రాజు. ఆ పారిశ్రామికవాడలోని కంపెనీలన్నీ కలిసి కార్మికుల పెద్ద జబ్బుల కోసం పెట్టుకున్న నిధి అది. నెలకొక బుధవారం ఇద్దరు డాక్టర్లు కూర్చుని అర్జీలు చూస్తారు.

"పోయిన నెల పోయిన. చేతులు మంచిగనే ఉన్నయన్నరు. కాయితం వాపసిచ్చిన్రు."

ఈ చేతులు బాగున్నాయా? వీర్రాజు బుర్రలో పురుగు దూరింది. సాయంత్రం దాకా అది తొలుస్తూనే ఉంది. షిఫ్టు అయ్యాక క్యాంటీన్ వెనక ఆమెను పట్టుకున్నాడు.

"అక్కడ ఏం జరిగిందో పూస గుచ్చినట్టు చెప్పండి."

"పిడికిలి మూయమన్నడు పెద్ద డాక్టరు. మూసిన."

"నొప్పెట్టలేదా?"

"పాణం పోయింది. మూయమంటే మూయాలె గద. పని చెప్తే చెయ్యకుంట ఉంటమా?"

"ఎన్నింటికి?"

"పన్నెండు కొట్టంగ. పొద్దున నాలుగొందల రొట్టెలు చేసి, స్నానం చేసి, మంచి చీర కట్టుకుని పోయిన. పెద్ద డాక్టర్ల ముంగట పిచ్చిదాని లెక్క కూసోవద్దని."

వీర్రాజు నవ్వాలో ఏడవాలో తెలియక బీడీ వెలిగించాడు. పొద్దున ఆరింటికి కౌసల్యమ్మ టీ గ్లాసు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగడం అతను చూశాడు. పది దాటాక అవే చేతులతో పీట మీద కర్ర తిప్పడమూ చూశాడు. ఈ జబ్బులో కీళ్లు తెల్లవారుజామున బిగుసుకుంటాయి, పొద్దెక్కే కొద్దీ వదులవుతాయి. చల్లారిన బాయిలర్‌ను వదిలేసి, మధ్యాహ్నం ఆవిరి చూసి భేష్ అన్నారన్నమాట.

బాయిలర్ వాళ్లకు మాట మీద నమ్మకం ఉండదు, లాగ్‌బుక్కు మీదే. అరగంటకోసారి రీడింగు, పక్కన సంతకం. వీర్రాజు మర్నాడే కొత్త పుస్తకం తెరిచాడు. ఫిట్టర్ల దగ్గర జానెడు పైపు ముక్కలు నాలుగు కోయించాడు: రెండించులది, ఇంచుంబావుది, ఇంచుది, అరించుది. ఎంత సన్నని పైపు దాకా వేళ్లు చుట్టూ ఆనించి గట్టిగా పట్టగలదో అదే రీడింగు. ఆరుకు, ఆరున్నరకు, అలా పది దాకా. సాక్షి సంతకం టీ కోసం లైనులో ముందున్నవాడిది.

"ఈయనకు బాయిలర్ ఒక్కటి చాలలేదని నన్ను గూడ పెట్టుకున్నడు," అని కౌసల్యమ్మ లైనులో వాళ్లతో చెప్పేది.

"మీకంటే నా బాయిలరే నయం. మంటేస్తే అరగంటలో వేడెక్కుతుంది."

"దానికి నాలుగొందల రొట్టెలు చెయ్యమను మరి."

మొదటి వారం ఆరింటికి రెండించులే. పదింటికి ఇంచు, ఒక్కోసారి అరించు. ఈలోగా క్యాంటీన్ కాంట్రాక్టరు యాదగిరి వచ్చి చల్లగా చెప్పి పోయాడు. "అక్కా, రొట్టెలు లేటయితున్నయని ఆఫీసుల మాటొస్తున్నది. ఈ నెల చూస్త. ఆ తర్వాత ఇంకొకామెను సూసుకోవాలె, ఏమనుకోకు." కౌసల్యమ్మ ఏమనుకోలేదు. పిండి తడుపుతూ తల ఊపింది. ఇక మిగిలింది ఒక్క బుధవారం.

రెండో వారంలో ఒక పొద్దున ఆరింటికి ఆమె ఇంచు పైపు పట్టేసింది. కీళ్లకు ఎందుకో ఆ రోజు మంచి రోజు. వీర్రాజు పెన్ను ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది రెండించులని రాసేస్తానండి. ఒక్కరోజే కదా. ఇది చూస్తే మళ్లీ బాగున్నాయంటారు."

"ఇంచు పట్టిన. ఇంచే రాయి."

"కాయితం మళ్లీ వాపసొస్తే?"

"నువ్వు నీ బాయిలర్‌కు దొంగ రీడింగు రాస్తవా?"

ఇరవై ఏళ్లలో అతను ఒక్క దొంగ రీడింగు రాయలేదు. ఇంచు అనే రాశాడు. ఆ రాత ఆ పేజీలో పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం పైపులు సంచిలో వేసుకుని ఇద్దరూ నిధి ఆఫీసుకు పోయారు. గేటు దగ్గర వాచ్‌మన్ సంచి తడిమి, "ఏంది సార్, కొట్లాటకా?" అన్నాడు. లోపల పెద్ద డాక్టరు రాలేదు. రెండో డాక్టరు కమలాకుమారి ఒక్కరే ఉన్నారు. లాగ్‌బుక్కు తిప్పి, వరుసగా ఉన్న సంతకాలు చూసి, పైపులు బల్ల మీద పెట్టించుకున్నారు. పేజీలు తిరుగుతుంటే వీర్రాజుకు ఆ ఒక్క పేజీ మీదే ప్రాణం. ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఈ రోజు ఇంచు పట్టిందే. ఇదెవరు రాశారు?"

"నేనేనండి," అన్నాడు వీర్రాజు.

"నేనే రాయమన్న," అంది కౌసల్యమ్మ.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి ఇద్దరినీ చూశారు. "అన్నీ రెండించులే ఉంటే ఒక్క రాత్రిలో కూర్చుని రాశారనుకునేదాన్ని. ఈ జబ్బుకు మంచి రోజులూ ఉంటాయి. నిధి వాళ్లకు నా కళ్లతో చూశానని రాయాలి. రేపు ఆరింటికి క్యాంటీన్‌కే వస్తాను."

వచ్చారు కూడా, స్కూటర్ మీద. అప్పటికి టీ లైను తలుపు దాటి బయటికి పోయింది. టీ పోయాల్సిన కౌసల్యమ్మను బెంచీ మీద కూర్చోబెట్టారు, కాబట్టి ఎవరికీ టీ లేదు. ఎవరూ లైను వదల్లేదు. రెండించుల పైపు పట్టింది. ఇంచుంబావు పట్టలేదు. డాక్టరమ్మ పైపులు పక్కన పెట్టి, "పిడికిలి మూయండమ్మా," అన్నారు.

కౌసల్యమ్మ పని చెబితే చేసే మనిషి. పళ్లు బిగించి మళ్లీ మూసేస్తుందేమోనని వీర్రాజు భయం. కౌసల్యమ్మ చేతిని చూసుకుంది. వేళ్లు సగం వంగి ఆగాయి. పదమూడేళ్లలో ఆ క్యాంటీన్ వినని మాట అప్పుడు వచ్చింది.

"నాతోని కాదమ్మా."

"అంతే చాలు," అన్నారు డాక్టరమ్మ, రాసుకుంటూ.

ఛాతీ ఎక్స్‌రే, రక్తం పరీక్షలు అయ్యాక ఆర్నెల్ల సూదులకు నిధి ఒప్పుకుంది. మందు తెప్పించే కంపెనీకి డాక్టరమ్మ ఉత్తరం రాస్తే వాళ్లూ ధర తగ్గించారు. సూదుల డబ్బా క్యాంటీన్ ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల వెనక ఉండేది. దాని మీద వీర్రాజు "రొట్టెల డిపార్ట్‌మెంటు, ముట్టరాదు" అని రాసి అంటించాడు. యాదగిరి ఇంకొకామెను వెతకడం మానుకున్నాడు. మూడో నెలకు ఆరింటికి ఇంచు పైపు, ఏడాది తిరిగేసరికి చాలా రోజులు అరించు. ఆర్నెల్లకోసారి నిధికి చూపించాలి కాబట్టి పుస్తకం మూతపడలేదు.

ఆమధ్య కొత్తగా చేరిన సంగయ్య అనే హెల్పరు టీ లైనులో ఈ కథంతా విని, నిజమేనా అని ఆమెనే అడిగాడు. కౌసల్యమ్మ పీట మీద నుంచి తలెత్తకుండా చెప్పింది:

"మూడొందల మంది కాదు, చాయ కోసం నిలబడ్డ ఇరవై మంది. డాక్టరమ్మ దండం పెట్టలే, నడిచి గూడ రాలే, స్కూటర్ మీదొచ్చింది. పిడికిలి నేను బిగించలే. మూతపడలే, గందుకే సూది ఇచ్చిన్రు."