సీసం మబ్బులు

ఆ రోజు ఉదయం నా భర్త నాగరాజు కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏం కలిపినావే దీంట్లో? నోరంతా ఇనుము నాకినట్టుండాది."

నేను తాగి చూశాను. ఎప్పటి కాఫీయే.

మాది అనంతపురం. ఆయన బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గి, పాత సామాన్లతో గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. గుజిరీ అంగడి నుంచి పాత తలుపు చెక్కలు, కాలిపోయిన బోరు మోటార్ల రాగి తీగ, చినిగిన గోతాలు తెచ్చుకుని ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చునేవాడు. ఉరవకొండ వైపు ఎండిన శనక్కాయ చేలంటే ఆయనకు పిచ్చి. గోతం గుడ్డ నేలయ్యేది, రాగి తీగ మాడిన మొక్కలయ్యేది. ఒక హోటలాయన పెద్ద బొమ్మ ఒకటి కావాలన్నాడు. ఆ పనిలో ఉండగానే జబ్బు మొదలైంది.

ముందు కడుపునొప్పి. పేగులు మెలిపెట్టినట్టు వచ్చేది. ఏం పని చేస్తావని డాక్టరు అడిగితే బోర్డులు రాస్తానని మాత్రమే చెప్పాడు. డాక్టరు గ్యాస్ట్రిక్ అని మాత్రలిచ్చాడు. స్కానింగ్ నార్మల్. ఎండోస్కోపీ నార్మల్. హిమోగ్లోబిన్ మాత్రం బాగా తక్కువ. మనిషికి నిద్ర కరువైంది, చిన్న విషయానికీ అరుపులు. నేను వంట చేస్తుంటే గుమ్మంలో నిలబడి నా చేతులనే చూసేవాడు. తర్వాత నా వంట మానేసి హోటల్ ఇడ్లీలు తెచ్చుకున్నాడు.

ఒకరోజు బ్రష్ పట్టుకోబోతే కుడి మణికట్టు వాలిపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు రక్తాన్ని గాజు పలక మీద పూయించి మైక్రోస్కోపులో చూసి, "ఎర్ర కణాల్లో చుక్కలున్నాయమ్మా, నాకు లెడ్ మీద డౌటు" అన్నాడు. బ్లడ్ లెడ్ లెవెల్ చాలా ఎక్కువగా వచ్చింది.

"లెడ్ అంటే ఏంది సార్?" అన్నాను.

"సీసం. ఒంట్లో చేరితే విషం."

గార్లదిన్నె నుంచి చూడ్డానికి వచ్చిన రాజమ్మ వదిన, ఆయన అక్క, నా వైపు తిరిగింది. "విషమంట. ఇంట్లో వండేది నువ్వే కదా?"

ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. వదిన మాట కంటే అదే నాకు గట్టిగా తగిలింది.

"నా రక్తం కూడా తీయండి సార్" అన్నాను. నాకూ ఎక్కువే వచ్చింది, ఆయనంత కాదు.

"ఆ విషం రొంత తనూ తిని నాటకమాడతాండాదేమో" అంది వదిన.

డాక్టరు ఆ మాట పట్టించుకోలేదు. "ఇద్దరికీ ఉందంటే ఇంట్లో ఏదో ఉంది. వెతకండమ్మా" అన్నాడు.

ఇంటికి వెళ్లి పసుపు డబ్బాను అనుమానించాను, సత్తు గిన్నెలను అనుమానించాను, బోరు నీళ్లను అనుమానించాను. చివరికి షెడ్డు తలుపు తీశాను. పగలగొట్టిన లారీ బ్యాటరీలు, ఇనుప మూకుడులో గడ్డకట్టిన బూడిదరంగు లోహం, చెక్కల నుంచి గీకిన పాత రంగు పొడి. పెద్ద బొమ్మలో ఎండిన చేల పైన ఆ లోహంతోనే పోసిన మబ్బులు. రోజూ నేను దులిపి ఉతికే ఆయన చొక్కాకూ అదే పొడి. అన్నీ ఫోన్లో ఫొటోలు తీసి డాక్టరుకు చూపించాను.

"ఏమప్పా, బ్యాటరీ సీసం కరిగించినావా? ఆ పాత రంగు పొడిలోనూ సీసం ఉంటుంది" అన్నాడు ఆయనతో.

"మబ్బులకు సార్. ఆ రంగు ఇంక దేంట్లోనూ రాదు."

"తలుపు మూసుకునేనా?"

"గాలికి మంట నిలవదు సార్."

"ఆ చేతులతోనే తినడం, బీడీ తాగడం?"

ఆయన తలూపాడు. వదిన బయటికి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో ఉంచి, సీసాన్ని ఒంట్లోంచి బయటికి లాగే చిలేషన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, తర్వాత క్యాప్సూల్స్. నాకు మందు అక్కర్లేదు, షెడ్డుకు దూరంగా ఉంటే చాలన్నారు. ఆయన లెవెల్ దిగింది. ఇంటికొచ్చాం. కొన్ని వారాలకు పరీక్ష చేయిస్తే మళ్లీ పెరిగింది.

"దొంగతనంగా మళ్లీ కరిగించినావా?" అన్నాను.

"నువ్వేమన్నా పెట్టినావా?" అన్నాడు.

డాక్టరు ముందే ఇద్దరం అరుచుకున్నాం. "ఆపండి. సీసం ఎముకల్లో దాక్కుంటుంది. మందు ఆపితే మెల్లగా రక్తంలోకి వస్తుంది. రీబౌండ్ అంటాం. ఇది ఎవరి తప్పూ కాదు, ఇంకో కోర్సు వాడదాం" అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక, నా కోసం తెచ్చుకున్న పెరుగన్నం బాక్సు ఆయనే తీసుకుని తిన్నాడు. సగం తిన్నాక, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మణికట్టు లేస్తుంది, కొంచెం వణుకు మిగిలింది. మళ్లీ బొమ్మలు చేస్తున్నాడు. బ్యాటరీలు ఇంట్లోకి రానివ్వను. పాత రంగున్న చెక్కలు అసలే కొననివ్వను. గుజిరీ సంచి గుమ్మం దాటే ముందు నేను విప్పి చూడాల్సిందే. "పోలీసు మాదిరి చూస్తాండావే" అని విసుక్కుంటాడు. విసుక్కోనీ.

చదివేవాళ్లకు ఒక్క మాట. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే జీతమొచ్చే పని ఒక్కటే చెప్పకండి. ఇంట్లో సరదాకు ఏం గీకుతారో, ఏం కాలుస్తారో, ఏం కరిగిస్తారో అదీ చెప్పండి. ఆ చోటు ఫొటో తీసి మొదటి రోజే చూపించండి.