పెద్దల్లుడి నడుము మీది తాళంచెవి

ఒకే ఒక్క వేలితో, అర సెకనులో, నలభై వేల పుస్తకాలను మాయం చేసిన మొనగాడు మన పెద్దల్లుడు. సరే, కొంచెం తగ్గించుకుందాం. వేలు ఒకటి కాదు, నాలుగైదు. పుస్తకాలు కూడా ఎక్కడికీ పోలేదు, అలమరల్లోనే ఉన్నాయి. ఏ పుస్తకం ఏ అలమరలో ఉందో తెలిసిన కంప్యూటరు మాత్రం పోయింది. అర సెకను మాట మటుకు నిజం. అందులో పిసరంత కూడా తగ్గించేది లేదు.

పెద్దల్లుడు పెద్ద లైబ్రరీలో కంప్యూటర్లు చూసేవాడు. ఇరవై రెండేళ్లుగా మెషిన్ గది తాళంచెవి ఆయన నడుముకే వేలాడేది. ఆ లైబ్రరీలో ఒక అలవాటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఆ గదికి వాళ్లే రాజు. లైబ్రేరియన్ మేడమ్ అయినా సరే తలుపు తట్టి, "రావచ్చా?" అని అడగవలసిందే. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఆయన బతుకుతున్నాడని భార్య అనుమానం. స్నానానికి వెళ్లినా తాళంచెవిని కొక్కేనికి తగిలించి, దాన్నే చూస్తూ నీళ్లు పోసుకునేవాడు.

"దానితోనే కాపరం చేయండి, నేను మా చెల్లెలింటికి పోతాను" అనేది ఆవిడ.

చెల్లెలిల్లు అంటేనే ఆయనకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ ఇంట్లో చిన్నల్లుడు, అంటే ఆయన తోడల్లుడు, ఉంటాడు. ఆర్నెల్ల కిందట తానే సిఫారసు చేసి లైబ్రరీలో చేర్పించాడు. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు రోజూ తిట్టుకుంటున్నాడు. అత్తగారింటికి వెళ్తే మంచినీళ్ల గ్లాసు ముందు చిన్నల్లుడికే. మామగారి పేపరు ముందు చిన్నల్లుడికే. ఇద్దరిదీ ఒకే బట్టతల అయినా, "చిన్నాయనకి బట్టతల ఎంత నప్పిందో!" అంటుంది అత్తగారు. పెద్దల్లుడిది మాత్రం ఎవరికీ కనబడని బట్టతల.

ఆ వారమే మేడమ్ పిడుగులాంటి మాట చెప్పింది. చిన్నల్లుడు పుస్తకాలు వెతకడానికి కొత్త పద్ధతి ఒకటి తయారు చేశాడు. దాన్ని ట్రయల్ మెషిన్ మీద రేపు అందరికీ చూపిస్తాడు. బాగుంటే మెషిన్ గది ఇకమీదట అతనే చూసుకుంటాడు.

పెద్దల్లుడి చెయ్యి తనంతట తనే నడుము మీదికి పోయింది. తాళంచెవి ఉంది. రేపటికి?

రేపటి ప్రదర్శన జరగకూడదు. అంతే.

ఆయన బల్ల మీది తెరలో రెండు నల్ల విండోలు ఉంటాయి. ఎడమది పెద్ద మెషిన్‌ది, లైబ్రరీ అంతా దాని మీదే నడుస్తుంది. అందులో అక్షరాలు ఆకుపచ్చ. కుడిది ట్రయల్ మెషిన్‌ది, అక్షరాలు తెలుపు. మనం మౌస్‌తో బొమ్మలు నొక్కినట్టు కాదు, ఆ విండోల్లో మాట టైపు చేసి ఎంటర్ కొడితే మెషిన్ ఆ పని చేసేస్తుంది. ఆయనది సర్వాధికారాలూ ఉన్న లాగిన్ కాబట్టి ఎదురు ప్రశ్న కూడా వేయదు. కొన్నాళ్లుగా ఆయన కుడి విండోలో దూరి చిన్నల్లుడి పని తొంగి చూస్తున్నాడు. వెనక నుంచి మేడమ్ వస్తే పట్టుబడకుండా దాని అక్షరాలు కూడా ఆకుపచ్చ చేసి పెట్టుకున్నాడు. దొంగచూపుకు అంత జాగ్రత్త!

ఆ రోజు పదకొండింటికి మేడమ్ చెప్పుల చప్పుడు వినబడింది. గాభరాగా కుడి విండోని ఎడమకి, ఎడమదాన్ని కుడికి లాగేశాడు. మేడమ్ అటుగా వెళ్లిపోయింది. వెంటనే ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, మా చెల్లి చెప్పింది, గది మా మరిదికి ఇస్తున్నారటగా! వెళ్లి ఒకసారి భుజం తట్టండి, బాగుండదు."

"తడతాను" అన్నాడు పళ్లు కొరుకుతూ. "గట్టిగానే తడతాను."

ఫోను పెట్టేసి కుడి విండోలోకి దూకాడు. మెషిన్ పనిముట్లన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. వడ్రంగికి ఉలీ, రంపం, సుత్తీ ఉన్న పెట్టె ఎలాగో మెషిన్‌కి అది అలాగ. దాన్ని మొత్తంగా తుడిచేయమని టైపు చేసి, కళ్లలో చిన్నల్లుడి బట్టతల మెరుస్తుండగా, ఎంటర్ మీద ఒక్క పోటు పొడిచాడు.

మెషిన్ కిక్కురుమనలేదు. చెప్పిన పని చేసింది.

విధ్వంసం కళ్లారా చూద్దామని ఎడమ విండోలో ఫైళ్లు చూపించమన్నాడు. అన్నీ వరసగా కనబడ్డాయి, చిన్నల్లుడి పేరుతో సహా. కుడి విండోలో అదే అడిగాడు. 'అలాంటి కమాండ్ లేదు' అంది. మరొకటి కొట్టాడు. లేదు. ఇంకొకటి. లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, విండోలు అటూ ఇటూ మార్చింది తనే.

బయట కౌంటర్ దగ్గర గోల మొదలైంది. "ఏమండీ, తెర కదలట్లేదు! ఇక్కడ పద్దెనిమిది మంది నిలబడ్డారు!"

పెద్దల్లుడు ఒక్క ఉదుటున లేచి మెషిన్ గది తాళం తీశాడు. ఆపి మళ్లీ వేస్తే అన్నీ సర్దుకుంటాయని ఆశ. వేలు బటన్ మీద పెట్టేసరికి వెనక నుంచి కేక.

"అన్నయ్యా! ఆపకు! పనిముట్లన్నీ పోయాయి, ఆపితే ఇక లేవదు అది!"

చిన్నల్లుడు తలుపు తట్టలేదు. "రావచ్చా" అనలేదు. ఆ కంగారులో కూడా ఆ సంగతి పెద్దల్లుడి మనసులో ముల్లులా గుచ్చుకుంది.

"రెండు మెషిన్ల మధ్య ఫైళ్లు పంపడానికి పొద్దున నా తెర మీద నీచేత పాస్‌వర్డ్ కొట్టించుకున్నానే, ఆ కాపీ విండో ఇంకా తెరిచే ఉంది" అన్నాడు చిన్నల్లుడు, తన బల్ల దగ్గరికి పరుగెడుతూ. "ఇప్పటికే నడుస్తున్నది కాబట్టి ఇంకా పనిచేస్తుంది. ట్రయల్ మెషిన్‌లోనూ ఇవే పనిముట్లు. అక్కడివి ఇక్కడికి తెచ్చేద్దాం."

పనయ్యాక విండోలు మూయడం లేదని రోజూ చీవాట్లు తినే మనిషి, మూయని విండోతోనే ఒక్కొక్క పనిముట్టూ వెనక్కి తెచ్చాడు. అదీ ఎక్కడి నుంచి? పెద్దల్లుడు తుడిచేద్దామనుకున్న చోటు నుంచి. పావుగంటలో కౌంటర్ కదిలింది.

చిన్నల్లుడు పెద్దల్లుడి బల్ల దగ్గరికొచ్చి, తెర వైపే చూస్తూ అడిగాడు. "అన్నయ్యా, ఈ ట్రయల్ విండో ఆకుపచ్చగా ఉందేం?"

"కళ్లకి చలవట."

"ఓహో." పక్కనున్న పెద్ద మెషిన్ విండోలో ఇంకా నిలిచి ఉన్న ఆ తుడిచేసే కమాండ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చదివాడు. పెద్దల్లుడు తప్పు చేసి సిస్టర్ ముందు నిలబడ్డ కాన్వెంటు పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు. చీవాట్లు పెడితే బాగుండు, తిరిగి నాలుగు అనొచ్చు. చిన్నల్లుడు ఆ విండో మూసేశాడు.

మేడమ్ వచ్చింది. "ఏం జరిగింది?"

"అన్నయ్య కావాలనే చేశారు మేడమ్" అన్నాడు చిన్నల్లుడు, కనుబొమ్మ కూడా కదపకుండా. "మెషిన్ పడిపోతే నేను లేపగలనో లేదో చూడ్డానికి. గది అప్పగించే ముందు పరీక్ష పెట్టారు."

కాదంటే ఉద్యోగం పోతుంది. అవునంటే తాళంచెవి పోతుంది. అబద్ధమాడటంలో కూడా వీడిదే పైచేయా!

"అవును" అన్నాడు చివరికి. "పరీక్షే."

"మరి నెగ్గాడుగా? ఇక రేపటి దాకా ఎందుకు?" అని మేడమ్ చెయ్యి చాపి చిన్నల్లుడిని చూపించింది. ఇరవై రెండేళ్ల తాళంచెవి రింగులోంచి రావడానికి మొరాయించింది. గోరు విరిగింది. మర్నాడు పెద్దల్లుడు మొదటిసారి ఆ తలుపు తట్టి, "రావచ్చా?" అన్నాడు.

"రా అన్నయ్యా, నీ గదే" అన్నాడు చిన్నల్లుడు. ఆ మాటకే మరింత మండింది.

ఇప్పుడు ఇద్దరూ రిటైరయ్యారు. పెద్దల్లుడి నడుముకి ఖాళీ రింగు ఇంకా వేలాడుతూనే ఉంది. ఈ కథ ఎత్తితే మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు.

"తుడిచెయ్యడమా? నేనా? ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. ఆ లైబ్రరీలో అసలు కంప్యూటరే లేదు. అయినా నాకు తోడల్లుడెవడు? మా ఆవిడకి చెల్లెళ్లే లేరు!"