మామ్మ చూపు ఎక్కడుండేది

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా మా మామ్మ ముందు మంచినీళ్లు ఇచ్చేది కాదు, చెయ్యి ఇమ్మనేది. పాలు పోసే గ్వాలా అయినా, డ్యూటీ దిగొచ్చిన గార్డు బాబైనా సరే, ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని, మణికట్టు మీద వేళ్లు ఆనించి, "మాటాడకండి, లెక్క తప్పిపోద్ది" అనేది. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మనుషులు నోరు మూసుకుని కూర్చునే వరండా మాదొక్కటే.

మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి చిన్న వయసులోనే వచ్చి, నర్సు పని నేర్చుకుని, చీరతో పాటు జుట్టూ తెల్లబడేదాకా రైల్వే ఆసుపత్రిలో పనిచేసింది. నాకు ఊహ తెలిసేసరికే రిటైరైంది. అంటే, మామ్మ రిటైరైంది గానీ ఆవిడ వేళ్లు కాలేదు. ఆ ఉద్యోగం గుర్తుగా మిగిలింది, గుండె మీద పిన్నుతో పెట్టుకునే చిన్న గడియారం. అది తలకిందులుగా వేలాడేది. ఎదురుగా నిలబడి టైము చూడాలని మెడ వంచీ వంచీ నేను గబ్బిలాన్నయ్యేదాన్ని. తల దించి చూసుకునే మామ్మకు మాత్రం సూటిగా కనిపించేది. ఎవరి గుండె మీద ఉంటే వాళ్లకే టైము చెప్పే గడియారం అది.

నాకు పుట్టుకతోనే ఒక జబ్బుంది, ఎందుకు, ఎలా అని అడగడం. మామ్మ దగ్గర కూడా దానికి మందు లేదు. ఆ చలికాలం నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: నాడి చేతిలో ఉంది, టైము గడియారంలో ఉంది, మరి మామ్మ ఆ రెండూ వదిలేసి ఎదుటివాళ్ల చొక్కా బొత్తాం వైపు ఎందుకు చూస్తుంది? పైగా ఆ ఏడు, చూస్తూ చూస్తూ ముందుకు ఒంగిపోయేది కూడా. గ్వాలా అయితే చొక్కా మీద మరకేదో ఉందనుకుని గబగబా తుడుచుకునేవాడు.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగేశాను. "మామ్మా, నాడి చేతిలో ఉంటే బొత్తాంలో ఏటి చూస్తావు?"

"కనిపెట్టీసావేటే గుంటా!" అని నవ్వింది. "అయితే నీ ఊపిరి నువ్వే లెక్కెట్టు, చూద్దాం."

మొదలుపెట్టాను. అప్పటిదాకా నన్ను అడక్కుండా వచ్చిపోతున్న ఊపిరి, పిలవగానే తెల్లబోయింది. ఒకటి పొడుగ్గా వచ్చింది, ఇంకోటి పొట్టిగా వచ్చింది, ఆ తర్వాతది అసలు రానని మొరాయించింది. నా మొహం ఎర్రబడింది.

"సూసావా? ఎవరో చూస్తన్నారంటే ఊపిరి నటిస్తాది. అందుకే నాడి పేరు చెప్పి చెయ్యి పట్టుకుంటాను. నాడి చూడ్డం అయిపోయినా వదల్ను. అప్పుడు చూసేది ఊపిరి."

తర్వాత గొంతు తగ్గించింది. ఈ మధ్య బొత్తాం కదలడం తనకు కనిపించడం లేదట. కళ్లలో శుక్లాలు పెరిగాయి. వేళ్లకు నాడి తెలుస్తోంది గానీ మనిషి ఛాతీ మాత్రం మంచులో నిలబడ్డ రైలు డబ్బాలా ఉందట. నర్సుకు చూపు తగ్గిందంటే చేతులు ఇవ్వడం మానేస్తారని ఎవరికీ చెప్పలేదు.

అలా నేను మామ్మ కళ్లనయ్యాను. అందుకు చింతపిక్కలాట మా నెపం. గచ్చు మీద కూర్చుని, ఎదుటి మనిషి ఛాతీ లేచినప్పుడల్లా ఒక పిక్కను పక్కకు జరపాలి. చూస్తున్నట్టు మాత్రం కనబడకూడదు. భోంచేసి పడుకున్న మా బాబాయి మీద సాధన చేశాను. ఆయన గురక నాకు తాళం వేసి మరీ సాయపడింది. గడియారాన్ని కంటికి ఆనించుకుని మామ్మ "చాలు" అనేసరికి, నేను జరిపిన కుప్ప ఆవిడ అరచేతి గుంటలో ఇమిడిపోయేది.

పక్కింట్లో ఒక బెంగాలీ తాతగారు ఉండేవారు, నాకు దాదు, మామ్మకు దాదా. గూడ్సు బండ్లు నడిపి రిటైరైన డ్రైవరు. సాయంత్రమైతే మా వరండాలో టీ తాగుతూ, సగం బెంగాలీ సగం తెలుగులో మామ్మతో పోట్లాడటం ఆయన అలవాటు. ఆయన భార్య జబ్బుపడి "ఆషి", అంటే వస్తాను, అని చెప్పి ఆసుపత్రికి వెళ్లింది. రాలేదు. అప్పటి నుంచి ఆసుపత్రి మాటెత్తితే దాదు లేచి వెళ్లిపోయేవారు. ఆ చలికాలం ఆయనకు దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. కొడుకు కాంపౌండరును తీసుకొచ్చాడు. ఊపిరి లెక్కపెడతానని అతను అనడమే ఆలస్యం, సిగ్నలు ముందు గూడ్సును నిలిపినట్టు ఊపిరిని ఆపి ఆపి వదిలి, అతన్ని నమ్మించి పంపేశారు.

ఆ సాయంత్రం శాలువా కప్పుకుని మా వరండాలోకి వచ్చారు. "కిచ్ఛు హోయ్‌ని, దిదీ" అన్నారు. ఏమీ కాలేదక్కా అని.

"ఏటీ కాకపోతే చెయ్యి ఇవ్వడానికి బయమేటి, దాదా? అంత ఇంజను తోలినోరు, ముసలి సిస్టరుకి జడుస్తారా?"

"తీసుకోండి. మీరు పట్టుకునేంతసేపు పెళ్లిలో కూడా నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు," అని దాదు చెయ్యి చాపారు.

నేను గచ్చు మీద పిక్కలు పోసుకున్నాను. శాలువా అంచు లేస్తే ఒక పిక్క. మొదట్లో అది ఆటే. కాసేపటికి నా వేళ్లు వెనకబడటం మొదలైంది. శాలువా ఆగడం లేదు. ఎందుకు అని అడగాలని నాకు అనిపించనిది ఆ ఒక్కసారే. మామ్మ "చాలు" అని ఒంగి, కుప్పను అరచేతిలోకి తీసుకుంది. ఇమడలేదు. పిక్కలు వేళ్ల సందుల్లోంచి టపటపా గచ్చు మీదికి జారాయి.

దాదు ఆ పిక్కల్ని చూశారు, నన్ను చూశారు, తన శాలువాను చూసుకున్నారు.

"దిదీ, ఇది మోసం."

"మోసమే," అంది మామ్మ. చెయ్యి మాత్రం వదల్లేదు.

"అక్కడికి వెళ్తే నేను రాను," అన్నారాయన చిన్నపిల్లాడిలా.

ఏమీ కాదని మామ్మ అనలేదు, తప్పక వస్తారనీ అనలేదు. గుండె మీది గడియారం తీసి ఆయన శాలువాకు పెట్టింది, తలకిందులుగానే. "ఇది నాది. మీరే తెచ్చి నా చేతికియ్యాల. అందాకా మీ మంచం పక్కన స్టూలు మీదే ఉంటాను. నాకెలాగూ కళ్లు కనబడవు, టైము మీరే చూసి చెప్పాల."

తన చూపు సంగతి ఆవిడ మొదటిసారి పైకి చెప్పింది అప్పుడే. దాదు కాసేపు ఆవిడ కళ్లలోకి చూసి, తర్వాత తల దించి టైము చదివారు. ఆసుపత్రికి రిక్షా ఎక్కేముందు మా గుమ్మం వైపు తిరిగి, వినీ వినబడనట్టు "ఆషి" అన్నారు.

వచ్చారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందట, ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదట. మా దగ్గరి ఝీలు చెరువు మీద చలికాలం పక్షులు తిరుగు ప్రయాణం కట్టకముందే మా వరండాలోకి వచ్చి, గడియారం మామ్మ చేతిలో పెట్టి, "ఇది స్లో, దిదీ. నా బండ్లన్నీ లేటవడానికి కారణం ఇప్పుడు తెలిసింది" అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత మామ్మ మంచం పట్టినప్పుడు, ఆవిడ మణికట్టు పట్టుకుని నేను కూర్చున్నాను. కళ్లు తెరవకుండానే, "నాడి చూస్తన్నావో, ఊపిరి చూస్తన్నావో, నాకు చెప్పకు గుంటా" అంది. చెప్పలేదు.

ఇప్పుడు నేనే మామ్మను. భవానీపూర్‌లో మా ఇంటికి మనవరాలు ఆదివారాలు వస్తుంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ, తెలుగులో నా పేరు చదవడానికి రెండు మెట్రో స్టేషన్లంత సేపు పడుతుంది. ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. కిచ్ఛు హోయ్‌ని అంటాను. అది వాదించదు. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని ఆఫీసు కబుర్లు చెబుతూ ఉంటుంది, చూపేమో నా పమిట అంచు మీద ఉంటుంది. ఈ విద్య నేర్పింది నేనే కాబట్టి నా ఊపిరి వెంటనే నటించడం మొదలుపెడుతుంది. అప్పుడు కళ్లు మూసుకుని, మామ్మ వేళ్ల సందుల్లోంచి జారిన పిక్కల చప్పుడు తలుచుకుంటాను. కాసేపటికి ఊపిరి నన్ను మరిచిపోయి తన దారిన తాను వచ్చిపోతూ ఉంటుంది. నా చెయ్యి దాని ఒళ్లోనే ఉంచి, లెక్కపెట్టుకోనిస్తాను.