వదిలేసిన నీళ్ళు

వీధిలో ఆవిడను అందరూ చుక్కలమ్మ అనే అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గాని, అది ఆఫీసులో హాజరు పిలిచేటప్పుడు తప్ప బయటికి రాదు. నీటి సరఫరా వాళ్ళ పరీక్షగదిలో ఆవిడ ఉద్యోగం. గాజు గొట్టాల్లో మందు చుక్కలు వేసి రంగు మారుతుందేమో చూడాలి, యంత్రాల్లో నీళ్ళు పోసి ముల్లు ఎటు వాలుతుందో చూడాలి. ఆ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. ఎవరో మహానుభావుడు రెక్కలు మూసి ఉండగానే రంగు వేయించాడు. రెక్కలు చట్రానికి అతుక్కుపోయి, అప్పటినుంచి కిటికీ గోడలో గోడగా ఉండిపోయింది. మందుల ఘాటు ఆవిడ చీరల్లోంచి ఇంటిదాకా వచ్చేది.

నీళ్ళ నమూనా తీయడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కుళాయి తిప్పి కాసేపు వదిలేయాలి. ఇంటి గొట్టంలో నిలవున్న నీళ్ళు పోయి, వీధి పెద్ద పైపులోంచి తాజా నీళ్ళు వచ్చాక బాటిల్ పట్టాలి. న్యాయమైన పద్ధతే. కూరలో ఉప్పు చూడమంటే గరిటెకు ఎండి అంటుకున్నది నాకి చెప్పరు గదా.

చుక్కలమ్మ ఇల్లు వీధికి చివరిల్లు, పెద్ద పైపు కూడా అక్కడితో ఆఖరు. అందుకని ఆ వీధి నమూనా ఆవిడ ఇంటి కుళాయినుంచే తీయమని ఆఫీసు ఏర్పాటు. నీళ్ళు తెల్లవారుజామున వచ్చి, ఇల్లు ఊడ్చుకునేలోగా పోయేవి. అలాంటి నీళ్ళను మోరీ పాలు చేయడానికి ఆవిడకు ప్రాణం ఒప్పేది కాదు. వదిలేయాల్సిన నీళ్ళకు తాగే బిందె పెట్టేది. బిందె నిండేసరికి గొట్టం కడుక్కుపోయేది, అప్పుడు బాటిల్ పట్టేది. ఆఫీసు పనీ అయింది, ఇంటి పనీ అయింది అని మురిసిపోయేది కూడా.

మనవరాలికి రెండేళ్ళు దాటినా మాట రాలేదు. పాలిపోయిన ముఖంతో, పొట్ట పట్టుకుని ముడుచుకుని పడుకునేది. డాక్టరమ్మ రక్తం తీయించి చూసి, ఒంట్లో సీసం ఉందంది. పాత రంగులో, పాత సామాన్లో, నీళ్ళో, ఎక్కడినుంచి వస్తోందో వెతుక్కోమంది. కోడలు ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది.

“నీళ్ళొక్కటీ లెక్కలోంచి తీసెయ్యమ్మాయ్, అవి నేను చూసినవి,” అంది చుక్కలమ్మ.

కోడలు నమ్మింది. కొడుకు రెండు ఆదివారాలు కూర్చుని తలుపుల రంగంతా గీకి పారేశాడు. బొమ్మలు పోయాయి, సీసంతో మాటు వేసిన గిన్నెలు పోయాయి. ఎందుకైనా మంచిదని పిల్ల తాగే నీళ్ళు సగానికి ఇగిరేదాకా కాచమని చుక్కలమ్మే చెప్పింది. మళ్ళీ రక్తం తీయిస్తే సీసం తగ్గకపోగా పెరిగింది.

ఎదురింటి దర్జీ కొడుకుదీ అదే వరస.

“అక్కయ్యా, నీ చుక్కలేమంటున్నాయి?” అని కుట్టుమిషన్ ఆపకుండానే కేకేసేవాడు దర్జీ.

“నీళ్ళు బాగానే ఉన్నాయంటున్నాయి తమ్ముడూ.”

“అయితే నీ చుక్కలు చదవడం మావాడి కడుపుకు రాదన్నమాట!”

ఒక తెల్లవారుజామున ఆవిడ ఎప్పటిలాగే బాటిల్ పట్టుకుని కుళాయి దగ్గర నిలబడింది. కోడలు బిందె తోసుకుంటూ వచ్చింది.

“ఆగండత్తయ్యా, పిల్లకు తాగే నీళ్ళు నిండనివ్వండి. తర్వాత మీ మంచినీళ్ళు పట్టుకుందురుగాని.”

కోడలు మామూలుగానే అంది. చుక్కలమ్మ చేతిలో బాటిల్ మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆ పూట బాటిల్‌ను కుళాయి కింద పెట్టకుండా బిందెలో ముంచింది. పరీక్షగదిలో ముల్లు లేచిన తీరు చూసి యంత్రం పాడైందనుకుంది. తుడిచి మళ్ళీ పోసింది. ముల్లు మళ్ళీ అక్కడికే పోయింది.

గ్రహణం ఏ ఘడియకు పడుతుందో లెక్కకట్టిన మనుషులకు, తమ వంటింటి పొగవల్లే దగ్గుతున్నామని తెలియడానికి తరాలు పట్టింది. ఆకాశాన్ని అడిగినంత శ్రద్ధగా పొయ్యిని ఎవరడుగుతారు? పెద్ద పైపులో నీళ్ళు బాగున్నాయా అని అడిగితే శాస్త్రం బాగున్నాయంది, నిజమే చెప్పింది. బిందెలో నీళ్ళ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన మనిషి ఆ బిందె పక్కనే, వంతు కోసం నిలబడి ఉండేది.

ఆ లెక్క తీసుకెళ్ళి ఆఫీసు ఇంజనీరుకు చూపించింది. ఆయన మంచివాడే. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“నమూనా తప్పుగా తీశారమ్మా. నీళ్ళు వదలకుండా తీశారు.”

“తాగేవాళ్ళు వదలడం లేదు సార్.”

“ఆ సీసం మీ ఇళ్ళలోకొచ్చే పాత గొట్టాలది. పెద్ద పైపు దాటాక గొట్టం ఇంటివాళ్ళది. మన నీళ్ళు బాగున్నాయని మీరే తేలుస్తూ వచ్చారు. ఇప్పుడు బాగాలేవని రాయమంటే అది అబద్ధం కాదూ?”

ఆవిడ కాదనలేకపోయింది.

“వీధిలో చెప్పుకోండి, నేను వద్దనను. కానీ జనం బెదిరిపోయి కాలవ నీళ్ళకు ఎగబడితే, వచ్చే వాంతులకు పూచీ మీరు పడతారా?”

ఆవిడ లేచి గదిలోకొచ్చి, తెరుచుకోదని తెలిసీ కిటికీ రెక్కను ఒకసారి నెట్టి చూసింది.

సాయంత్రం దర్జీ కొట్టు ముందు అందరినీ పోగేసి చెప్పింది. “మొదట వచ్చే నీళ్ళు తాగకండి, వదిలేసి పట్టుకోండి. కాస్తే సీసం పోదు, ఇంకా చిక్కబడుతుంది.”

“ఎంతసేపు వదలాలి?” అన్నాడు దర్జీ.

“గొట్టం పొడుగునుబట్టి, ఇంటింటికీ వేరు.”

“మా ఇంటికెంతో చెప్పు. వచ్చేవే నాలుగు బిందెలు.”

“పరీక్ష చేస్తేగాని చెప్పలేను. చేసినా అది ఆ పూట మాటే అవుతుంది.”

“చూశారా! బాగున్నాయని ఒక్క ముక్కలో చెప్పేది. బాగాలేవని చెప్పడానికి ఇన్ని మెలికలు! బాటిల్లోకి మంచివి, మా బిందెల్లోకి పాడువీనా?”

“మా ఇంట్లోనూ అవే తాగాం తమ్ముడూ.”

“అయితే నీకూ తెలీదన్నమాట. మరిన్నాళ్ళూ ఏం పరీక్షించావ్ తల్లీ?”

ఎవరో నవ్వారు. దర్జీ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు, కాలవ ఎంత దూరమో మాట్లాడుకుంటూ పోయారు. అవి తాగొద్దని ఆవిడ వెనకనుంచి అరిచింది. ఏది తాగొద్దంటుందో, ఏది తాగమంటుందో తేల్చుకోమనండి ముందు, అన్నారు వాళ్ళు.

వంటింట్లో కోడలు పిల్లను ఒళ్ళో వేసుకుని ఉంది.

“ఇప్పటినుంచి వదిలేస్తే బాగవుతుందా అత్తయ్యా?”

“ఇక ఎక్కదు.”

“ఎక్కింది?”

“కొంత దిగుతుంది.”

“మాటొస్తుందా?”

చుక్కలమ్మ ఆలోచించింది. రావచ్చు. రాకపోవచ్చు. ఏది చెప్పడానికీ ఆధారం లేదు.

“నీళ్ళొక్కటీ తీసెయ్యమన్నప్పుడు ఇంతసేపు ఆలోచించలేదు మీరు,” అంది కోడలు, గొంతు పెంచకుండా.

మర్నాడు నీళ్ళు వచ్చాయి. కోడలు ఖాళీ బిందెను నడుముకు ఆనించుకుని, కుళాయి పూర్తిగా తిప్పి వదిలేసింది. నీళ్ళు మోరీలోకి పోతున్నాయి.

“చాలా అత్తయ్యా?”

“ఇంకొంచెం.”

ఎదురుగా దర్జీ కూడా తన కుళాయి తిప్పి, బిందె పక్కన పెట్టి, ఇటే చూస్తున్నాడు. అతని పక్కింట్లోనూ అంతే. ఎవరూ ఎగతాళి చేయడం లేదు.

“చాలా?”

ధార సన్నబడుతోంది. గొట్టంలో గాలి గుర్రుమంది. నీళ్ళు అయిపోతే పిల్లకు ఈ పూటకు కాలవే గతి. ఇప్పుడే పట్టమంటే ఏం పట్టినట్టో యంత్రం సాయంత్రానికి గాని చెప్పదు.

“అక్కయ్యా, చాలా?” అన్నాడు దర్జీ.

వీధంతా ఆవిడ నోటివంక చూస్తోంది. చుక్కలమ్మ ధారలో చెయ్యి పెట్టింది. చల్లగా, తేటగా, ఎప్పటిలాగే ఉన్నాయి నీళ్ళు.