పెద్ద పుష్యాలు చూడాలన్న వదిన

మా వదిన తనకోసం ఏదైనా అడగడం నేను ఒక్కసారే విన్నాను. అదీ నా టెలిస్కోప్ దగ్గర.

నేను గుంటూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. నక్షత్రాల పిచ్చి ఉంది. ఊళ్ళో దీపాల వెలుగుకి చంద్రుడు తప్ప ఏదీ సరిగా కనిపించదు. అందుకని మిరప కోతల రోజుల్లో టెలిస్కోప్ కారులో వేసుకుని, దర్శి దగ్గర మా అన్నయ్య వాళ్ళ కల్లానికి వెళతాను. పొద్దు గూకగానే ఎండిన కాయల మీద మంచు పడకుండా పట్టాలు కప్పేస్తారు. ఆ తర్వాత అక్కడంతా మంచి చీకటి. కిందటేడు అలాంటి సాయంత్రమే వదిన అడిగింది.

"అమ్మాయ్, ఏటా మనం మిరప నారు పోసేది పెద్ద పుష్యాల్లోనే గదా. ఆ చుక్క ఎట్టుంటదో ఒకసారి చూపిచ్చు."

పెద్ద పుష్యాలంటే పుష్యమి కార్తె. సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే రోజులవి. అంటే నారు పోసేటప్పుడు ఆ చుక్క సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనపడదు. కాయలు ఎండబెట్టే రోజుల్లో మాత్రం చీకటి పడేసరికి తూర్పున పైకి వచ్చి ఉంటుంది. ఇన్నేళ్ళుగా వదిన దాని కిందే పట్టాలు కప్పుతోంది.

నా టెలిస్కోప్‌కి చుక్క వెంటే తిప్పే మోటారు లేదు. చెక్క పీఠం మీద చేత్తో తిప్పుకోవాలి. ఆ పీఠం మహా మొండిది. మెల్లగా తోస్తే కదలదు, గట్టిగా తోస్తే కావలసిన చుక్కను దాటిపోతుంది. ఎలాగో పుష్యమిని పట్టి, "రా వదినా" అన్నాను. వదిన వంగింది. ఆసరాకోసం కన్ను ఆనించే కటకాన్నే పట్టుకుంది. టెలిస్కోప్ కదిలింది, చుక్క పోయింది. దానికి తోడు, పొద్దుటినుంచీ మిరపలోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరిన చేతులవి. సబ్బుతో కడిగినా మిరప ఘాటు వేళ్ళని వదలదని మా ఇద్దరికీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. తెలిసీ మరిచిపోయాం. కటకానికి అంటిన కారం నేరుగా వదిన కంట్లోకి పోయింది.

మర్నాటికి కన్ను వాచి మూసుకుపోయింది. "చుక్కలు కనపడ్డాయి గదా!" అని అన్నయ్య నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం, "నీ గొట్టానికో దణ్ణం తల్లీ" అని ఊరుకుంది. మళ్ళీ అడగలేదు. ఆ అడగకపోవడమే నన్ను తినేసింది. ఇంటెడు చాకిరీ చేసే మనిషి ఒకే ఒక్క కోరిక కోరితే, దాన్ని కారంలో ముంచి ఇచ్చాం.

ఇక ఆ పీఠంతో కుస్తీ మొదలుపెట్టాను. లోపలున్న ప్లాస్టిక్ ముక్కలు పీకేసి టెఫ్లాన్ ముక్కలు వేశాను. అవి జారే చోట గరుకు సన్‌మైకా అంటించాను. అప్పుడు వేలితో నెట్టినా కదిలింది, వదిలితే ఆగింది. మెకానిక్ దగ్గర పాత మోపెడ్ హ్యాండిల్ ఒకటి తెచ్చి గొట్టం పై చివర బిగించాను, మోచేత్తో తోసుకోవడానికి. ఆ బరువుకి గొట్టం కాస్తా ముక్కు వాల్చేసింది. కింది చివర చిన్న ఇసుక సంచి కడితే కుదురుకుంది. ముందుగా చుక్కకి గురి చూసుకునే చిన్న గొట్టం, మెడ విరుచుకుని చూడాల్సిన పాత ఫైండర్ తీసేసి, పక్కనుంచి తల వంచితే చాలు ఆకాశం కనిపించేది పెట్టాను. మా ఇంట్లోవాళ్ళు నా మీద ఆశ వదులుకున్నారు.

ఈ ఏడు కల్లానికి వెళ్ళాను. వదిన మంచం మీదనుంచి లేవలేదు.

"నేను రాను పో. ఉన్నయ్యే రెండు కళ్ళు."

"చేతులు కట్టుకుని చూద్దువుగాని రా. మోచెయ్యి చాలు."

వదిన లేచి వచ్చింది. హ్యాండిల్‌ని మోచేత్తో అటు నెట్టింది, ఇటు నెట్టింది. కొత్త గేదెని బేరమాడే ముందు చూసినట్టు చుట్టూ తిరిగి చూసింది. "బానే నడుస్తందే!" అంది. ఆ మాటకి నాకు డాక్టరేట్ వచ్చినంత సంబరమైంది.

నేను చుక్కని పట్టి చూపించబోతే ఆపింది. "నువ్వు పట్టి చూపిస్తే నువ్వు చూసినట్టే గదా. దోవ చెప్పు, నేను పోతా."

దోవ చెప్పడానికి ఆకాశం వైపు తిరిగాను. ఇన్నేళ్ళు పటాలు చూసుకుంటూ వెతికిన నాకు అప్పుడు తట్టింది. "వదినా, నీ కార్తెల వరసే పైన కూడా! వరసగా మూడు చుక్కల గొల్లకావడి పైన మృగశిర. పక్కనే ఆ ఎర్రచుక్క ఆరుద్ర. అటు జంట చుక్కలు పునర్వసు, అంటే మీ చిన్న పుష్యాలు. వాటి తర్వాత..."

"తర్వాత పెద్ద పుష్యాలు. నాకు చెప్పమాక," అంది వదిన.

మృగశిర దగ్గర మొదలుపెట్టింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, మోచేత్తో హ్యాండిల్ జరుపుతూ, ఒక్కొక్క కార్తె పేరు గొణుక్కుంటూ పోయింది. చిన్న పుష్యాలు దాటాక దోవ తప్పింది. వెనక్కి వచ్చి, మళ్ళీ బయల్దేరింది. సాయం చేద్దామని నా చేతులు ఒకటే దురద. అయినా నోరు మూసుకుని నిలబడ్డాను. నా జన్మకి అది పెద్ద విశేషం. ఎండలో రోజంతా వంగి పనిచేసి వచ్చిన మనిషి, ఇంత ఓపికగా ఒక మసక చుక్క కోసం వెతుకుతుంటే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

గొణుగుడు ఆగిపోయింది.

"ఒకటి కాదే అమ్మాయ్. బోలెడున్నయ్. మడిలో మిరప గింజలు చల్లినట్టున్నయ్."

ఉత్త కంటికి ఒక్క మసక చుక్కలా కనిపించే పుష్యమి, గొట్టంలోంచి చూస్తే చుక్కల గుంపు.

కాసేపటికి తల ఎత్తింది. కంటినిండా నీళ్ళు. ఎంత చేసినా ఆ పాడు ఘాటు ఎక్కడో తగిలిందని నీళ్ళ బిందె దగ్గరికి పరుగెత్తాను.

"ఆగవే, ఇది కారం కాదు," అంది వదిన. ఈలోగా పుష్యమి పక్కకి జరిగినట్టుంది. మోచేత్తో హ్యాండిల్ కొంచెం నెట్టి, మళ్ళీ కన్ను ఆనించింది.